అన్నయ్యగారి చేతి వాచీ

మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య గోడ నడుమెత్తు ఉంటుంది. వదిన వేసిన చిక్కుడు పాదు ఆ గోడెక్కి మా వైపు దిగి కాస్తుంది. రాయగడలో ఈ వీధికొచ్చి ఇరవై రెండేళ్లు. ఆవిడ నన్ను వదినా అంటుంది, నేనూ ఆవిణ్ణి వదినా అనే అంటాను. ఆ వరసన ఆవిడ భర్త నాకు అన్నయ్యగారు.

మొన్న ఆదివారం సాయంత్రం కొళాయి కింద బిందె పెట్టి నిలబడి ఉంటే, వదిన చెంగులోంచి ఒక వాచీ తీసి గోడ మీద పెట్టింది.

"ఇదేటో చూడు వదినా. అబ్బాయి విశాఖ నుంచి పంపాడు. మీ అన్నయ్య చేతికి పెట్టమన్నాడు. ఆయనేమో ముట్టుకోరు. నువ్వు ఆస్పత్రిలో చేసినదానివి, నువ్వు చెప్తే వింటారు."

నల్ల రబ్బరు పట్టీ, నలుచదరపు అద్దం. వెనక్కి తిప్పితే ఆకుపచ్చ దీపాలు మిణుకుమంటున్నాయి.

అబ్బాయి ఎందుకు పంపాడో నాకు తెలుసు. అన్నయ్యగారికి 58 ఏళ్లు. కాంట్రాక్టరు కింద ఫిట్టరు పని. పోయిన వైశాఖంలో ఒక షట్‌డౌన్ పనిలో నిచ్చెన మీద ఉండగా కళ్లు తిరిగాయి. కిందనున్న కుర్రాడు చూసి నడుం పట్టుకుని దింపాడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పలేదాయన. మర్నాడు ఆ కుర్రాడే సైకిలాపి, "పెద్దాయనకెలా ఉందమ్మా" అని అడిగితే వదినకి తెలిసింది. ఆ రోజు ఈ గోడ దగ్గరే కూర్చుని ఏడ్చింది.

మన ప్రాంతంలో ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి తలుచుకోండి. జేకేపూర్‌లో కాగితం మిల్లు 1962 నాటిది. థేరుబలిలో ఫెర్రో అల్లాయ్ కొలిమిలు. సునాబేడలో విమానాల ఇంజన్లు చేసే హెచ్‌ఏఎల్ 1964 నుంచీ ఉంది. నాల్కో 1981లో పుట్టింది, పంచపట్మాలి కొండ మీద బాక్సైట్ తవ్వకం 1985లో మొదలైంది. ఆ తర్వాత కాశీపూర్ వైపు ఉత్కళ్ అల్యూమినా. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎంతమంది కుర్రాళ్లు గుడ్డసంచీతో ఈ కొండలెక్కారో! వాళ్లే ఇప్పుడు తల నెరిసి మోకాళ్లు పట్టుకుంటున్నారు. పర్మనెంటు ఉద్యోగులకి 60 ఏళ్లకి పదవీ విరమణ ఉంది. కాంట్రాక్టు మనిషి మాత్రం గేట్‌పాస్ ఉన్నన్నాళ్లూ వెళ్తూనే ఉంటాడు.

"వదినా, నేను ఇరవై ఏడేళ్లు ఒక బిళ్ల తగిలించుకుని పని చేశాను, గుర్తుందా?" అన్నాను.

"ఆ చొక్కా జేబుకి పెట్టుకునేదేనా? గుర్తింపు కార్డనుకున్నాను."

అది గుర్తింపు కార్డు కాదు. ఎక్స్‌రే గదిలో పనిచేసే ప్రతి మనిషీ ఛాతీ దగ్గర, సీసం ఏప్రన్ లోపల పెట్టుకోవలసిన టీఎల్‌డీ బ్యాడ్జి. అందులో క్యాల్షియం సల్ఫేటుతో చేసిన చిన్న బిళ్లలు మూడుంటాయి. ఒంటికి తగిలిన రేడియేషన్ శక్తిని అవి దాచుకుంటాయి. మూడు నెలలకోసారి ప్రయోగశాలకి పంపితే, అక్కడ వేడి చేస్తారు. దాచుకున్నదంతా వెలుగుగా బయటికొస్తుంది. ఎంత వెలిగితే అంత రేడియేషన్ తగిలినట్టు. అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ఐదేళ్ల మీద ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్‌లు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. కొంచెం ఎక్కువ కనిపించినా ఎందుకొచ్చిందని కాగితం వస్తుంది, జవాబు రాయాలి, మిషను చూసుకోవాలి.

ఆ బ్యాడ్జి మోగదు, వెలగదు, టైము కూడా చెప్పదు. అయినా దాన్ని నమ్ముకుని ఇద్దరు పిల్లల్ని కన్నాను. ఎందుకంటే దాన్ని చదివే మనిషి ఒకరున్నారు, దాటకూడని గీత ఒకటుంది, దాటితే ఏం చెయ్యాలో రాసిపెట్టి ఉంది. వదినకి అదే చెప్పాను. ఈ వాచీ ముచ్చటగా ఉంది, తప్పకుండా ఉపయోగపడుతుంది. కానీ అది మోగినప్పుడు వినడానికి అవతల ఎవరున్నారు?

వదిన చిక్కుడాకు తుంచుతూ ఊరుకుంది. ఆవిడ ఊరుకుంటే ఆలోచిస్తోందని అర్థం.

వాచీ ఎలా చూస్తుందో చెప్పాను. రక్తం ఆకుపచ్చ వెలుగుని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులోకి రక్తం ఎక్కువ చేరి, తిరిగొచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కపెట్టి గుండె వేగం చెబుతుంది. పట్టీ వదులైతే, చెమట నిండితే, సుత్తి దెబ్బల అదురు తగిలితే ఆ లెక్క తప్పుతుంది. మణికట్టు ఎముకకి రెండు వేళ్ల పైన, బిగువుగా కట్టాలి. ముదురు రంగు పచ్చబొట్టు కింద ఒక్కోసారి అసలు చదవదు. మన కొండల్లో పెద్దవయసు ఆడవాళ్ల చేతుల మీద ఎన్నెన్ని పచ్చబొట్లుంటాయి! వాళ్లూ రోడ్డు పనులకీ ఇటికబట్టీలకీ వెళ్తున్నారు. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే పరికరం నల్లటి ఒంటి మీద ఉన్నదానికంటే ఎక్కువ చూపించే ప్రమాదముందని 2020లో అమెరికా వైద్యులు ఆస్పత్రి రోగుల లెక్కలు తీసి చెప్పారు. మన రంగు మనుషుల మీద సరిచూడకుండా తెచ్చి కడితే, అంకె బాగుంది కదా అని మనిషిని ఎండలోకి తోసేస్తాం.

ఇంతలో అన్నయ్యగారు పెరట్లోకొచ్చారు. మా మాటలు లోపల్నించి వింటూనే ఉన్నట్టున్నారు.

"చెల్లెమ్మా, నువ్వు చెప్పేదంతా బాగానే ఉంది. గ్రైండర్ దగ్గర, తిరిగే షాఫ్ట్ దగ్గర చేతికి దారప్పోగు కూడా ఉండకూడదు. ఉంగరాలే తీయించేస్తాం. వాచీ కట్టుకుని చెయ్యి పెట్టమంటావా?"

ఆ మాట నాకు తట్టనే లేదు. ఎక్స్‌రే గదిలో చెయ్యి లాగే యంత్రం లేదు కదా. నలభై ఏళ్లు యంత్రాల మధ్య గడిపిన మనిషికి తెలిసింది వాచీ చేసినవాళ్లకీ కొన్నవాళ్లకీ తట్టదు. భుజానికి చొక్కా లోపల కట్టే పట్టీలున్నాయి, హెల్మెట్ లోపల నుదుటికి ఆనే సెన్సర్లున్నాయి. ఫిట్టరుకీ టర్నరుకీ అలాంటివి కావాలి. ఏది ఎక్కడ కట్టాలో ఆ పని చేసేవాళ్లని అడిగి తేల్చాలి. మండే వాయువులున్న చోట్ల బ్యాటరీ ఉన్న వస్తువు ఏదైనా, నిప్పురవ్వ రాదని పరీక్ష చేసి ముద్ర వేసినదయితేనే తీసుకెళ్లాలి.

"అది సరే అన్నయ్యగారూ. మరి నిచ్చెనెక్కే రోజు, సంచులు మోసే రోజు కట్టుకోవచ్చు కదా?"

ఆయన జవాబు చెప్పడానికి కాస్త సమయం తీసుకున్నారు. వదిన వైపు చూసి, గొంతు తగ్గించి అన్నారు. "ఆ అంకెలు నా ఫోన్‌లోనే ఉంటాయని ఎవరు చెప్పగలరు? రేపు వాళ్లే కట్టిస్తారు. నా గుండె ఎక్కువ కొట్టుకుంటోందని తెలిస్తే, పెద్దాయనా నువ్విక ఇంట్లో ఉండు అంటారు. పిల్లదాని పెళ్లి బాకీ ఇంకా ఉంది."

అసలు సంగతి అదీ. చాదస్తం కాదు, కొత్త వస్తువంటే బెదురూ కాదు. గేట్‌పాస్ పోతుందన్న భయం. ఆ భయంతోనే నిచ్చెన మీద కళ్లు తిరిగిన మాట పెళ్లానికి కూడా చెప్పలేదు.

ఆయన భయం గాలిలోంచి పుట్టలేదు. 2020లో చండీగఢ్‌లో పారిశుధ్య కార్మికుల చేతులకి జీపీఎస్ వాచీలు కట్టారు. ఎక్కడున్నారు, ఎంతసేపు ఆగారు అన్నది ఆఫీసులో కనిపించేది. మమ్మల్ని బానిసల్లా చూస్తున్నారని కార్మికులు గొడవ చేశారు. రైల్వేలోనూ ఇలాంటిదే ఉంది. మా మేనమామ కొడుకు కొత్తవలస కిరండూల్ లైన్ మీద కీమ్యాన్‌గా చేశాడు. తెల్లారుతూనే సుత్తి, స్పానరు భుజానేసుకుని, వదులైన బిగింపులు కొట్టుకుంటూ కిలోమీటర్లకి కిలోమీటర్లు పట్టాల వెంట నడక. వానాకాలం రాత్రుళ్లు పెట్రోల్‌మ్యాన్ నడక మరీ కష్టం. కొండ చరియ ఎక్కడ జారిందో టార్చి వెలుగులో చూసుకుంటూ, బండి ఆపడానికి పట్టాల మీద పెట్టే పటాసులు సంచీలో పెట్టుకుని వెళ్లాలి. రైల్వేలో కొన్నిచోట్ల వీళ్లకి జీపీఎస్ పెట్టెలు ఇచ్చారు. పట్టా విరిగితే, బండ పడితే మీట నొక్కి కబురు పంపొచ్చు. నడక ఆగితే అదీ కనిపిస్తుంది. యాభై దాటిన మనిషి చెట్టు కింద పది నిమిషాలు మోకాలు చాపుకుంటే, ఆగిన చుక్కని చూసే కన్నుకి అది సోమరితనమో ఆయాసమో ఎలా తెలుస్తుంది?

అదే రైల్వేలో రక్షక్ అని ఇంకో పరికరం తెచ్చారు. స్టేషన్ నుంచి బండి బయల్దేరితే, పట్టాల మీద పని చేసేవాళ్ల దగ్గరున్న పెట్టెకి రేడియోలో కబురందుతుంది. అది మోగుతుంది, వెలుగుతుంది, అదురుతుంది కూడా. వినికిడి తగ్గినవాడికి ఆ అదురే ప్రాణం నిలబెడుతుంది. మలుపుల మధ్య, సొరంగాల పక్కన పనిచేసేవాళ్లకి అలాంటిది ఎంత అవసరమో మన లైన్లు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. చూశారా, రెండూ మనిషి ఒంటి మీదే ఉంటాయి. ఒకటి ఎందుకాగావని అడుగుతుంది, ఇంకోటి బండొస్తోంది తప్పుకోమంటుంది. అన్నయ్యగారికి రెండోది కట్టాలని నా పంతం.

"అన్నయ్యగారూ, పోయిన వైశాఖంలో కళ్లు తిరిగిన రోజుకి ముందు మీరు ఊళ్లో లేరు కదూ?"

వదిన అందుకుంది. "కోరాపుట్‌లో మా ఆడపడుచు కూతురి పెళ్లి కదా. పది రోజులున్నాం. వచ్చిన మర్నాడే పనికెళ్లిపోయారు."

నాకు చప్పున అర్థమైంది. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు. వేసవిలో కూడా రాత్రి దుప్పటి కప్పుకుంటారు. రాయగడ కింద నాగావళి లోయలో ఉడుకుతూ ఉంటుంది. ఒంటికి ఎండ అలవాటు కావడానికి వారం పైన పడుతుంది, చల్లటి చోట వారం పది రోజులుంటే ఆ అలవాటు పోతూ వస్తుంది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నయోష్ అనే సంస్థ దీనికో లెక్క చెప్పింది. పాత పనివాడే అయినా సెలవు నుంచి వచ్చాక మొదటి రోజు వేడిలో సగం పని, రెండో రోజు నూటికి 60, మూడో రోజు 80, నాలుగో రోజు పూర్తి పని. కొత్తవాడికైతే మొదటి రోజు 20తో మొదలెట్టి రోజుకి 20 చొప్పున పెంచాలి. ఈయన పెళ్లి నుంచి వచ్చి మొదటి రోజే నిచ్చెనెక్కారు. పైగా వయసు పైబడ్డ ఒంటికి దాహం ఆలస్యంగా వేస్తుంది, చెమట ఆలస్యంగా పడుతుంది. దాహం వేసినప్పుడు తాగుదాంలే అనుకునేసరికే లోపల నీరు తరిగిపోయి ఉంటుంది. 1998 వేసవి నేను మర్చిపోలేను. అప్పటికి ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. ఆ ఒక్క వడగాడ్పుల కాలంలో ఒడిశాలో 2,042 మంది పోయారని ప్రభుత్వమే లెక్క చెప్పింది.

ఆయన మెత్తబడ్డారని గమనించి, "ఒక అంకె చెప్తాను, గుర్తుపెట్టుకోండి" అన్నాను. పారిశ్రామిక ఆరోగ్య నిపుణులు వాడే గీత ఇది. 180లోంచి వయసు తీసేయాలి. గుండె జబ్బు లేని మనిషికి, పని చేస్తున్నప్పుడు గుండె వేగం ఆ అంకెని దాటి కొన్ని నిమిషాలపాటు అక్కడే ఉండిపోతే పని ఆపి నీడకి రావాలి. 58 ఏళ్లకి 122. వాచీ ఆ అంకె దగ్గర మోగేట్టు పెట్టుకోవచ్చు. నాకు చాలా ఉత్సాహంగా ఉంది, ఈ గోడ దగ్గరే పని పూర్తయిపోయిందనుకున్నాను.

"ఆయన వేసుకునే మాత్రలోసారి పట్రా వదినా" అన్నాను, ఊరికే చూద్దామని.

తెచ్చింది. రెండు పట్టీలు. ఒకదాని మీద మెటోప్రొలాల్ అని ఉంది. నా ఉత్సాహం అక్కడే ఆగిపోయింది. ఆ మాత్ర గుండె వేగాన్ని పట్టి ఉంచుతుంది. ఒళ్లు ఉడికిపోతున్నా గుండె 122కి చేరకపోవచ్చు, వాచీ చల్లగా కూర్చుంటుంది. రెండోది హైడ్రోక్లోరోథయజైడ్, నీటి మాత్ర. ఒంట్లో నీటిని, ఉప్పుని మూత్రంలో పంపేసి రక్తపోటు తగ్గిస్తుంది. ఎండలో పని చేసే మనిషికి చెమటలో పోయేది కాక ఇదొక దారి. రెండు మాత్రలూ ఆయనకి అవసరమే, మానకూడదు, మానమని చెప్పే హక్కు నాకు లేదు. కానీ నడివయసు దాటిన పనివాళ్లలో ఇలాంటి మాత్రలు మింగేవాళ్లు ఎంతమంది! కుర్రాళ్ల ఒంటిని చూసి కట్టిన లెక్క ఈ వయసువాళ్ల చేతికి యథాతథంగా కడితే, మోగలేదు కదా అనే ధైర్యం మిగులుతుంది. ఆ ధైర్యం వాచీ లేకపోవడం కంటే చెడ్డది.

వదిన మొహం వాడిపోయింది. "అయితే ఇది దండగేనా?"

"దండగెందుకవుతుంది? పడిపోతే పట్టుకునే తెలివి దీనికుంది." ఆపిల్ వాచీలో ఆ సదుపాయం 2018లో వచ్చింది. 55 దాటినవాళ్లకి అది దానంతటదే పనిచేసేట్టు పెట్టారు. మనిషి దభాలున పడి కదలకపోతే ఫోన్ ద్వారా కబురు పంపుతుంది. అబ్బాయి పంపినదాంట్లోనూ అలాంటిది ఉంది. మన ఘాట్ల మలుపుల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి, అక్కడ పనికెళ్తే పక్కన మనిషి ఉండాల్సిందే. ఆ నడుం పట్టుకుని దింపిన కుర్రాడు లేకపోతే ఏ వాచీ ఏం చేసేది! సెలవు రోజు ఇంట్లో కూర్చున్నప్పుడు గుండె ఎంత కొట్టుకుంటోంది, రాత్రి నిద్ర ఎలా పట్టింది అన్నవి కూడా నెల రోజులు చూసి డాక్టరుకి చూపిస్తే పనికొస్తాయి.

డాక్టరు మాట వచ్చాక నేను వదల్లేదు. కొత్త కార్మిక చట్టాలు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. 40 ఏళ్లు దాటిన కార్మికులకి ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలని వాటిలో ఉంది. గనుల్లో పనివాళ్లకి ఐదేళ్లకోసారి పరీక్ష అన్న నియమం ఎప్పట్నుంచో ఉండేది. 55 దాటిన ఒంట్లో ఐదేళ్లలో ఎన్ని మార్పులొస్తాయి! ఏడాదికోసారి అన్నది మంచి మాట. "నేను అడిగితే నన్ను పక్కన పెడతారు" అన్నారు అన్నయ్యగారు. ఒక్కరే అడగొద్దు, మీ జట్టులో 40 దాటిన పదిమందీ కలిసి అడగండి అన్నాను. వాచీలే ఇస్తామంటే అప్పుడూ కలిసే అడగండి. మోగినప్పుడు మొదట వినేది పనివాడూ, పక్కనున్న జోడీ, ప్రథమ చికిత్స గది. కాంట్రాక్టరు ఫోన్‌కి వెళ్లకూడదు. మోగినందుకు తీసుకున్న విశ్రాంతికి కూలి కోయకూడదు. ఈ రెండూ కాగితం మీద రాసిచ్చాకే కట్టుకోండి. మాత్రల సంగతి మాత్రం బిస్సంకటక్ క్రిస్టియన్ ఆస్పత్రిలోనో, కోరాపుట్ మెడికల్ కాలేజీలోనో అడిగి తీరాలి. నేనూ వస్తానన్నాను.

ఆయన తలూపారు గానీ, ఈలోపు రేపటి సంగతేమిటని వదిన. నిజమే, రేపు సోమవారం, మళ్లీ పని.

అప్పుడు నాకు మా ఇంట్లో మంచం కింద దుమ్ము కొట్టుకుపోతున్న కాటా గుర్తొచ్చింది. వాచీలు పుట్టకముందు నుంచీ ఉన్న లెక్క ఇది. పనికి వెళ్లే ముందు, వచ్చాక బరువు చూసుకోవడం. ఒక రోజు పనిలో ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర వంతు కంటే తగ్గకూడదు. తగ్గినదంతా దాదాపు నీరే. దీనికి సిగ్నల్ అక్కర్లేదు, గుండె మాత్ర అడ్డు రాదు. ఆ అంకె ఎవరి ఫోన్‌కీ వెళ్లదు. గోడ మీదుగా కాటా అందించాను. తడి బట్టలు మార్చుకుని, రెండుసార్లూ ఒకే రకం పలచటి బట్టలతో ఎక్కమన్నాను. ఎండలో ఉన్నంతసేపూ పదిహేను, ఇరవై నిమిషాలకో గ్లాసు నీళ్లు. ఇక అంబలి సంగతి వదినకి నేను చెప్పాలా? ఈ కొండవాళ్లు ఆనపబుర్రలో మండియా పేజ్ పోసుకుని పొలానికి తీసుకెళ్తారు. మన చోడంబలే అది. నీరూ ఉప్పూ బలమూ కలిసే ఉంటాయి. పొలంలో వంగి పనిచేసే డెబ్భై ఏళ్ల ముసలమ్మ ఆ బుర్రని చెట్టు నీడన పెట్టుకుని, మధ్యమధ్య వచ్చి ఓ గుక్క తాగి వెళ్లడం ఎన్నిసార్లు చూశానో! అయితే రక్తపోటు ఉన్నవారు కాబట్టి ఉప్పు ఎంత వెయ్యాలన్నది కూడా డాక్టరునే అడగాలి.

సోమవారం పొద్దున్న ఆరింటికి గోడవతల నుంచి కేక. "అరవై నాలుగు, మీద రెండొందలు!" వదిన గొంతు. గోడకి సున్నం మీద బొగ్గుతో రాసేసింది కూడా. 64 కిలోలకి ఒకటిన్నర వంతంటే 960 గ్రాములు. ఆ గీత కూడా పక్కనే రాయించాను. అన్నయ్యగారు క్యారియర్‌తో పాటు రెండు లీటర్ల అంబలి సీసా, నీళ్ల సీసా సైకిలుకి తగిలించుకుని వెళ్లారు. వాచీ చొక్కా జేబులో ఉంది. కట్టుకోలేదు, అలాగని ఇంట్లోనూ వదల్లేదు.

సాయంత్రం ఆరున్నరకి సైకిలు చప్పుడయింది. నేను కొళాయి కట్టేసి గోడ దగ్గరికెళ్లాను. ఆయన బట్టలు మార్చుకుని కాటా మీద నిలబడ్డారు. వదిన వంగి చూసింది.

"అరవై మూడు, నూట యాభై."

ముగ్గురం మనసులో తీసివేత వేసుకున్నాం. వెయ్యి యాభై. గీత దాటింది. సీసా తీసి చూస్తే అంబలి సగం అలాగే ఉంది. "మధ్యాహ్నం తాగడానికి దిగలేదు, పని మధ్యలో ఉంది" అన్నారాయన, తప్పు చేసిన పిల్లాడిలా.

వదిన ఏమీ అనలేదు. గోడ మీద బొగ్గుతో 63.150 అని రాసి, లోపలికెళ్లి గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చింది. "తాగి, రేపెవరు మిమ్మల్ని దిగమని పిలుస్తారో ఆ కుర్రాడి నంబరు నాకియ్యండి" అంది.

ఆయన ఫోన్ తీశారు.